వేలిముద్ర వేసే ముందు ఒక మాట

(ఉట్నూరులో మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



 నాకు మైకు అలవాటు లేదు. పొద్దున ఐదింటికి హాస్టల్ పిల్లలను నిద్ర లేపే గొంతు ఇది. కొంచెం గట్టిగా వినిపిస్తే ఏమీ అనుకోకండి.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. ఎవరికి ఓటు వేయాలి, ఏ పార్టీ మంచిది అనే మాట నా నోట రాదు. ఓటు వేసిన తర్వాత మన పని ఏమిటన్నదే ఈ రోజు నా విషయం.

మొన్న డిసెంబర్‌లో, అంటే 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అంతకుముందు సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే తీరిపోయింది. దాదాపు రెండేళ్లు మన ఊళ్లను ప్రత్యేక అధికారులు చూశారు. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగాయి. ట్రాక్టర్ డీజిల్‌కు, వీధి బల్బుకు కూడా కష్టమైన రోజులు మీరు చూశారు. ఇప్పుడు మళ్లీ మన మనుషులు కుర్చీలో ఉన్నారు. మన షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవి గిరిజనులకే. రాష్ట్రంలో స్థానిక సంస్థల స్థానాల్లో సగం ఆడవాళ్లకు. కాబట్టి ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది మీ చిన్నమ్మో, వదినో, మీతో పాటు బడికి వచ్చిన అక్కో అయి ఉంటుంది.

కొత్త సర్పంచులు రాగానే ప్రతి ఊరికీ ఒక వాట్సాప్ గ్రూపు వచ్చింది. ఒక సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక మా పెద్ద తరగతుల పిల్లలను అడిగాను, "మీ ఊళ్లో సర్పంచ్ ఏం చేస్తున్నారు?" అని. సెలవుల్లో ఫోన్లో చూసినవన్నీ చెప్పారు. దండలు వేసిన ఫొటో, జేసీబీ ముందు కొబ్బరికాయ కొట్టిన ఫొటో, బల్బు వెలిగిన ఫొటో. "సంతోషం. మరి ఈ ఏడాది మీ పంచాయతీకి ఎన్ని డబ్బులు వచ్చాయి? ఎందులో ఎంత పెట్టారు?" అని అడిగాను. ఒక్కరూ మాట్లాడలేదు. ఆ పిల్లలది తప్పు కాదు. వాళ్ల అమ్మానాన్నలను అడిగినా అదే మౌనం వస్తుంది.

ఫొటో పెట్టడం తప్పని నేననను. ఊరికి కబురు అందుతోంది. కానీ కబురు వేరు, లెక్క వేరు. కబురులో చెప్పేవాళ్లు తమకు నచ్చింది చెప్తారు. లెక్కలో అడిగినదానికి జవాబు చెప్పాలి. ఈ తేడా నాకు మా అవ్వ వేలిముద్ర నుంచి అర్థమైంది. ఆ సంగతి చెప్తాను.

నేను పుట్టింది ఇంద్రవెల్లి కాల్పులు జరిగిన మరుసటి ఏడాది, 1982లో. 1996లో తొమ్మిదో తరగతి చదువుతూ దీపావళి సెలవులకు హాస్టల్ నుంచి గూడేనికి వెళ్లాను. దండారి రోజులు. ఇంటి ముందు అవ్వ జొన్నలు చెరుగుతోంది. ఒకాయన రిజిస్టరు పట్టుకొని వచ్చాడు. స్టాంపు ప్యాడ్ తెరిచి, "ఇక్కడ వేలు పెట్టు" అన్నాడు. అవ్వ ఎందుకని అడగలేదు. వేలు పెట్టి, ఆ సిరా చీర కొంగుకు తుడుచుకొని మళ్లీ చాట పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను, చదువు వచ్చినదాన్ని. నేనూ అడగలేదు. అడగొచ్చని నాకు తెలియదు.

తర్వాత టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో ఒక సర్వే పని మీద పాత కాగితాలు చూడాల్సి వచ్చింది. మా గూడెం పేరు కనిపిస్తే ఆగి చదివాను. మా ఊరి బావి పూడిక తీశారట. గ్రామసభ జరిగిందట. సభకు వచ్చినవాళ్లు పనిని చూసి ఒప్పుకున్నారట. కింద వేలిముద్రల వరుస. పక్కన పేర్లు. అందులో మా అవ్వ పేరు ఉంది. ఆ వేసవిలో మేము వాగులో చెలిమె తవ్వుకొని నీళ్లు తెచ్చుకున్నాం. బావిలో ఎవరూ దిగలేదు. జరగని పనికి సాక్షి మా అవ్వ! ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఆ రోజు తెలియలేదు. ఇప్పటికీ అందులో సగం నా మీదే ఉంది. ఆ రోజు ఆ కాగితాన్ని ఒక్కసారి చదివి ఉంటే చాలు.

దీనికీ చట్టానికీ ఉన్న సంబంధం చెప్తాను. మీరు పోటీ పరీక్షలకు చదివే విషయమే ఇది, కానీ ఈసారి మీ ఇంటి కోసం వినండి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. మన ప్రాంతాల కోసం ఏం చేయాలో చెప్పడానికి దిలీప్ సింగ్ భూరియా కమిటీ వేశారు. ఆ తర్వాత 1996 డిసెంబర్ 24న పెసా చట్టం వచ్చింది. అంటే మా అవ్వ వేలు పెట్టిన రెండు నెలలలోపే. 1998లో ఉమ్మడి రాష్ట్రం తన పంచాయతీ చట్టంలో ఆ మార్పులు చేసింది. నియమాలు రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది.

పెసాలో భూమి గురించి, చిన్నతరహా అటవీ ఫలసాయం గురించి, వడ్డీ వ్యాపారం గురించి చాలా ఉంది. ఈ రోజుకు మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, ఊరి అభివృద్ధి ప్రణాళికలను, పనులను మొదలుపెట్టక ముందే గ్రామసభ ఆమోదించాలి. రెండు, పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారులను గుర్తించేది గ్రామసభ. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ పనులకు పెట్టిన నిధులు సరిగ్గా ఖర్చయ్యాయని పంచాయతీ గ్రామసభ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. అంటే పై ఆఫీసు కాదు, మన ఊరి సభ, మన ముసలమ్మలు, మన పటేలు "అవును, ఈ పని అయింది" అనాలి. కాగితం మీద మా అవ్వ వేలిముద్రకు ఉన్న బరువు ఇదీ. ఆ బరువు తెలిసినవాళ్లే ఇంటికి వచ్చి వేయించుకున్నారు. తెలియనిది మాకే.

ఇదంతా ఢిల్లీ మనకు కొత్తగా నేర్పిన పద్ధతి అనుకోకండి. దండారి ముగిసిన రోజున మా గూడెంలో ఊళ్లు తిరిగి వచ్చినవాళ్లు కానుకల లెక్క అందరి ముందు చెప్తారు. ఎవరు ఎంత ఇచ్చారు, విందుకు ఎంత పోయింది, ఎంత మిగిలింది. చిన్నపిల్లవాడు మధ్యలో అడిగినా జవాబు చెప్తారు. కేస్లాపూర్‌లో మెస్రం వంశం వాళ్లు నాగోబా గుడిని రాతితో కొత్తగా కట్టుకున్నారు, 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నారు. ఇంటింటికీ చందా వేసుకొని ఏళ్లపాటు కూడబెట్టిన డబ్బుతో కట్టారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకుండా అంత పని జరగదు. లెక్క చెప్పకుండా ఆ నమ్మకం నిలబడదు.

నాగోబా దర్బారు సంగతీ చూడండి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మన మధ్యనే ఉన్నాడు. జనం గోడు ఆఫీసు మెట్ల దాకా రాలేకపోతే ఆఫీసే జనం దగ్గరికి రావాలన్న ఆలోచనతో ఆ 1940లలోనే దర్బారు మొదలైంది. ఇప్పటికీ పుష్య అమావాస్య జాతరలో కలెక్టరు, ప్రజాప్రతినిధులు వచ్చి కూర్చుంటారు. మన పెద్దలు లేచి అడుగుతారు. అందరూ వింటుండగా జవాబు చెప్పాలి. భీం చేసిన పోరాటం వల్ల మనకు దక్కిన వాటిలో ఇదొకటని నేననుకుంటాను. ప్రాణం పోశాక దొరికిన అడిగే హక్కు ఇది.

దర్బారు ఏడాదికి ఒక్కసారి. గ్రామసభ మాత్రం 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కనీసం రెండు నెలలకోసారి జరగాలి. ఏడాదికి ఆరుసార్లు! కేస్లాపూర్ దాకా పోనవసరం లేదు, మన చెట్టు కిందే దర్బారు. దానికి మనం పోతున్నామా? మా అవ్వ దగ్గరికి రిజిస్టరు వచ్చినట్టే ఈ రోజుకీ ఏ ఇంటి ముందుకైనా వస్తోందా? మీ ఊరి సంగతి మీరే చెప్పాలి.

గ్రామసభ అంటే రోడ్లు, మోరీల సభే కదా అనుకునేవాళ్లు ఉంటారు. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గని కోసం పెద్ద కంపెనీ వచ్చింది. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న, గ్రామసభల మాట వినమని తీర్పు ఇచ్చింది. 12 ఊళ్లలో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, వాళ్ల ఇరుగుపొరుగువారు లేచి మాట్లాడారు. పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. గని రాలేదు. డోంగ్రియాలు మాట్లాడే కువి మన గోండికి చుట్టం లాంటి భాష. ఆ సభల్లో లేచినవాళ్లలో ఎక్కువమంది మా అవ్వలాగే బడి మెట్లు ఎక్కనివాళ్లు. కానీ ఆ రోజు రిజిస్టరు ఇంటింటికీ తిరగలేదు. జనమే సభకు వచ్చి కూర్చున్నారు.

మన దగ్గర 2025 మేలో కుమ్రం భీం పేరుతో పులుల సంరక్షణ ప్రాంతం ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో మన జనం రోడ్డు మీదికి వచ్చి వ్యతిరేకించారు. జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. పులి మనకు శత్రువు కాదు. మన ఊళ్లున్న అడవి గురించి నిర్ణయిస్తే మా సభను ముందు అడగండి అన్నదే మన మాట. అయితే రేపు నిజంగానే అడిగితే? ఆ రోజు లేచి మాట్లాడటం మనకు రావాలి. బల్బు లెక్క అడగడం రాని సభకు అడవి లెక్క అడగడం ఒక్కరోజులో రాదు.

ఇక్కడే మీ అవసరం ఉంది. సభలో చదివే కాగితం తెలుగులో, అందులో సగం మాటలు ఇంగ్లిషులో ఉంటాయి. ఎస్టిమేటు, ఎంబీ రికార్డు, టైడ్ గ్రాంటు, అన్‌టైడ్ గ్రాంటు. పెద్దవాళ్లు ఇంట్లో గోండి, కొలామి మాట్లాడతారు. అర్థం కానిదానికి తల ఊపుతారు. ఆ తల ఊపడమే ఆమోదమైపోతుంది. మార్లవాయిలో 1940లలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు. గుంజాలలో దొరికిన మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. భాష ఫోన్లోకి వచ్చేసింది, పంచాయతీ ఆఫీసులోకి ఇంకా రాలేదు. దాన్ని మీరు తీసుకెళ్లాలి. సభలో అవ్వ పక్కన కూర్చొని, చదివిన ప్రతి వాక్యాన్నీ ఆమె భాషలో చెప్పండి. టైడ్ గ్రాంటు అంటే ఏమిటో చెప్పండి. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు. అదే టైడ్. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. ఇంత తెలిస్తే అవ్వే అడుగుతుంది, "మరి మా బోరింగు సంగతేంటి?" అని.

అడగమని చెప్పడం సులువు, అడిగించుకోవడం కష్టం. ఇది నా అనుభవం. వార్డెన్‌గా చేరిన మొదటి ఏడాది ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "మేడం, ఈ నెల పప్పు ఎన్ని కిలోలు వచ్చింది?" అంది. నాకు ఒళ్లు మండింది. "నీకెందుకు? అన్నం తిని చదువుకో" అన్నాను. రాత్రి పడుకున్నాక అవ్వ వేలిముద్ర గుర్తొచ్చింది. మరునాడు వంటగది బయట నల్లబోర్డు పెట్టించాను. వచ్చిన సరుకు, వాడింది, మిగిలింది రాయడం మొదలుపెట్టాం. రాసేది పిల్లల కమిటీ. ఒకసారి గుడ్లు 300 అని కాగితంలో ఉంది. పిల్లలు లెక్కపెడితే 276. తెచ్చినాయన మరునాడు మిగతా 24 పట్టుకొచ్చాడు. గొడవ లేదు, అరుపులు లేవు. ఆ బోర్డు వల్ల నా మీద పిల్లలకు గౌరవం తగ్గలేదు. వంటగది గురించి గుసగుసలు తగ్గాయి.

అందుకే సర్పంచులను శత్రువుల్లా చూడొద్దని చెప్తున్నాను. చాలామంది ఆ కుటుంబాల్లో మొదటిసారి కుర్చీ ఎక్కినవాళ్లు. కొన్నిచోట్ల సర్పంచ్ అక్క ఇంట్లో ఉంటుంది, భర్త సభలో కూర్చుంటాడు. అక్కడ గొడవ పెట్టకండి. "అక్కా, నువ్వు చదువు, మేం వింటాం" అనండి. ఆమెకూ ధైర్యం వస్తుంది. నిజాయతీగా పనిచేసే సర్పంచ్‌కు లెక్క చెప్పే సభే రక్షణ. రేపు ఎవరైనా నింద వేస్తే ఊరంతా సాక్షి ఉంటుంది.

ఇక చేయాల్సిన పనులు. ఇవి రాసుకోండి.

మొదటిది, మీ పంచాయతీలో వచ్చే గ్రామసభ ఎప్పుడో కార్యదర్శిని అడిగి తెలుసుకొని, చాటింపు వేయించండి. అదే గ్రూపులో ఆ తేదీ పెట్టమనండి. ఫొటోలతో పాటు ఇదీ రావాలి.

రెండోది, సభ మొదలవగానే పోయిన సభ తీర్మానాలు చదవమనండి. ఏది అయింది, ఏది కాలేదు అన్నది అక్కడే తేలుతుంది.

మూడోది, సభకు ముందే ఫోన్లో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ తెరవండి. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ప్రణాళికలో ఏ పనులు ఉన్నాయో, ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో కనిపిస్తుంది. రీల్స్ చూసే సమయంలో పది నిమిషాలు చాలు. అందులో రాసిన పని ఊళ్లో ఉందో లేదో నడిచి చూడండి.

నాలుగోది, అడిగినా జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద రాస్తే చాలు. గ్రామస్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ ముందు సభలో నోటితో అడగండి. ఇంటిమనిషిని కాగితంతో అడిగేముందు మాటతో అడగడం మన మర్యాద.

ఐదోది, 18 ఏళ్లు నిండి ఓటరు జాబితాలో ఉన్నవాళ్లంతా గ్రామసభ సభ్యులే. నిండనివాళ్లు కూడా పెద్దల పక్కన కూర్చొని చదివి పెట్టొచ్చు. చదవకుండా ఎవరి చేతా సంతకం గానీ, వేలిముద్ర గానీ వేయించనివ్వకండి. ఇంటి ముందుకు రిజిస్టరు వస్తే, "సభలో వేస్తాం" అనండి. అంతే.

చివరగా, మళ్లీ మా అవ్వ. ఇప్పుడు ఆమెకు చూపు కొంచెం తగ్గింది. కొత్త పాలకవర్గం వచ్చాక మా ఊళ్లో గ్రామసభ పెట్టారు. సెలవు పెట్టి నేనూ వెళ్లాను. చివర్లో రిజిస్టరు తిప్పుతున్నారు. అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి వెనక్కి తీసుకొని గోండిలో అంది, ముందు చదవమనండి, తర్వాత వేస్తానని. కొందరు నవ్వారు. సర్పంచ్ నవ్వలేదు. ఆమె పక్క గూడెం అమ్మాయి, ఇంటర్ చదివింది. లేచి రిజిస్టరు తీసుకొని, మొదటి నుంచి చివరి దాకా తనే గోండిలో చెప్పింది. చాలాసేపు పట్టింది. అలా చెప్తుంటేనే బయటపడింది, మా వాగు మీద కల్వర్టు ఆ జాబితాలో లేదని. వానాకాలంలో ఆ వాగు పొంగితే పిల్లలు బడికి రాలేరు. నిండు చూలాలిని మంచం మీద మోసుకొని దాటించాల్సి వస్తుంది. కల్వర్టును అక్కడికక్కడే తీర్మానంలో రాయించాం. అప్పుడు అవ్వ వేలిముద్ర వేసింది.

కల్వర్టు ఇంకా కట్టలేదు. నేను మీకు అబద్ధం చెప్పను. డబ్బు పైనుంచి రావాలి, ఎస్టిమేటు వేయాలి, చాలా ఉంది. కానీ తీర్మానం పుస్తకంలో తేదీతో సహా ఉంది. వచ్చే సభలో అదెక్కడి దాకా వచ్చిందని అడగాలి. నాకు ప్రతిసారీ సెలవు దొరకదు. మా ఊరి పిల్లలు ఇద్దరు ఈ సమావేశంలోనే కూర్చున్నారు. బిడ్డలారా, ఈసారి మీరు అడగండి.

"మావ నాటే మావ రాజ్" అని మన గూడేల్లో బోర్డులు పెట్టుకున్నాం. మా ఊళ్లో మా రాజ్యం అని. అందులో రాజు ఎవరూ లేరు, మనమే ఉన్నాం. కాబట్టి వచ్చే గ్రామసభ తేదీ తెలుసుకొని, మీ అవ్వను, బాపును వెంటబెట్టుకొని వెళ్లి కూర్చోండి.